బాస్కెట్‌బాల్ లీగ్ ప్రకటించే ముందు చూసుకోవాల్సినవి

నాలుగైదు దేశాల జట్లతో విజయవాడ కేంద్రంగా ప్రొఫెషనల్ లీగ్ పెట్టాలనుకుంటే, పోస్టర్ల కంటే ముందు కాగితాల సంగతి చూడండి.

అనుమతులు: మన సమాఖ్యతో పాటు పాల్గొనే ప్రతి దేశపు సమాఖ్యతోనూ, ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబాతోనూ ముందే మాట్లాడుకోవాలి. విదేశీ ఆటగాడికి క్లియరెన్స్ లెటర్ (వేరే దేశంలో ఆడొచ్చని పాత సమాఖ్య ఇచ్చే పత్రం), వీసా చేతికొచ్చాకే విమానం టికెట్ కొనండి.

జీతాలు: నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. మొదటి సీజన్ జీతాల డబ్బు బ్యాంకులో పడ్డాకే తేదీలు ప్రకటించండి. స్పాన్సర్ మాటిచ్చాడని మీరు ఆటగాళ్లకు మాటివ్వకండి. ఊరుకాని ఊళ్లో జీతం ఆగిపోతే ఆ కుర్రాడు ఎవరి గడప తొక్కుతాడు? ఏ కరెన్సీలో, ఏ తేదీన ఇస్తారో, పన్ను ఎవరి మీద పడుతుందో ఒప్పందంలో రాయండి. విదేశీ క్రీడాకారుల పారితోషికంపై 20 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను), పైన సెస్ ఉంటాయి. గొడవొస్తే జెనీవా కేంద్రంగా ఉన్న బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ అనే మధ్యవర్తిత్వ సంస్థకు వెళ్లేలా క్లాజు పెట్టండి.

హాలు: కోర్టు 28 × 15 మీటర్లు, రింగు ఎత్తు 3.05 మీటర్లు. టేపు పట్టి మీరే కొలవండి. బెజవాడ ఉక్కపోతకు చెక్క ఫ్లోర్ మీద చెమట పడితే కాలు జారుతుంది, మోకాలు పోతుంది. తుడిచే పిల్లలు రెండు రింగుల కిందా ఉండాలి. లైట్లు, ఏసీలు అన్నీ వేసి, జనరేటర్ మీద ఒక మ్యాచ్ పూర్తిగా ఆడించి చూడండి. మే నెల అసలొద్దు.

ఇన్సూరెన్స్, అంబులెన్స్, ఫిజియో తప్పనిసరి.

ప్రయాణాలు: బాస్కెట్‌బాల్ ఆఫ్రికా లీగ్ 2021లో తొలి సీజన్‌ను కోవిడ్ వల్ల 12 జట్లతో రువాండా రాజధాని కిగాలీలోనే జరిపింది. మొదటి ఏడాది మనమూ ఒకే ఊళ్లో ఆడిస్తే ఖర్చు, టెన్షన్ రెండూ తగ్గుతాయి.