సీజీనాట్ వెనుక ఉన్న ఇంటి సర్వర్‌ను బయటి నుంచి తెరవడం: నా అనుభవం

మహబూబ్‌నగర్‌లోని మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద ఇమ్మిచ్ అనే ఫొటోల సాఫ్ట్‌వేర్ పెట్టి కుటుంబపు ఫొటోలన్నీ దాచుకుంటున్నాం. ఇంటి వైఫైలో చక్కగా తెరుచుకునే ఆ సర్వర్, హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోనులో మాత్రం తెరుచుకునేది కాదు. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి అభ్యర్థనను రౌటర్ నుంచి సర్వర్‌కు పంపే అమరిక), డైనమిక్ డీఎన్ఎస్ (మారే ఐపీకి మారని పేరు ఇచ్చే సేవ), కొత్త రౌటర్, ఏదీ ఫలించలేదు.

రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీని (ఇంటర్నెట్ వైపు రౌటర్‌కు ఉన్న చిరునామాను) చూసినప్పుడే అసలు కారణం తెలిసింది. అది 100.64 నుంచి 100.127 వరకు ఉండే శ్రేణిలో ఉంది. ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని అనేక ఇళ్లకు పంచే సీజీనాట్ అనే పద్ధతి కోసం 2012లో కేటాయించిన శ్రేణి అది. బయటి అభ్యర్థన మా రౌటర్ దాకా రానే రాదు కాబట్టి, అక్కడ ఎన్ని పోర్టులు తెరిచినా ప్రయోజనం లేదు.

అందుకే పోర్టులు తెరవకుండానే మన పరికరాలను ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్‌ను ఎంచుకున్నాను. ముందుగా సర్వర్‌లో దాన్ని ఇన్‌స్టాల్ చేసి, 'సుడో టెయిల్‌స్కేల్ అప్' అనే కమాండ్ ఇచ్చి, అది చూపిన లింకును బ్రౌజర్‌లో తెరిచి లాగిన్ అయ్యాను. తరువాత అమ్మాయి ఫోనులో టెయిల్‌స్కేల్ యాప్ వేయించి, అదే ఖాతాతో కలిపాను. ఆపైన ఇమ్మిచ్ యాప్‌లో సర్వర్ చిరునామాగా టెయిల్‌స్కేల్ ఇచ్చిన ఐపీని, చివర 2283 పోర్టుతో, నమోదు చేయగానే ఫొటోలు కనిపించాయి. (ఈ ఐపీ కూడా 100తోనే మొదలవుతుంది, దీన్ని రౌటర్‌లో కనిపించే ఐపీగా పొరబడకూడదు.) చివరగా టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో సర్వర్‌కు కీ ఎక్స్‌పైరీని (లాగిన్ గడువును) నిలిపివేశాను, లేకుంటే 180 రోజుల తరువాత మళ్లీ లాగిన్ అడుగుతుంది, ఆ సమయానికి మనం ఊళ్లో లేకపోతే చాలా ఇబ్బంది.

రెండు వైపులా నేరుగా కలవలేనప్పుడు టెయిల్‌స్కేల్ రిలే (మధ్యవర్తి సర్వర్) ద్వారా వెళ్లడం వల్ల వేగం తగ్గవచ్చు. మీ వ్యాన్ ఐపీ పబ్లిక్‌దే అయితే మాత్రం లోపం వేరే చోట ఉన్నట్లే. అప్పుడు ముందు పోర్ట్ ఫార్వర్డింగ్‌నే మరోసారి సరిచూసుకోవాలి.