హాస్టల్ నుంచి ఫోనొస్తే ఏం అడగాలి, ఏం అడగకూడదు

పదో తరగతి అవగానే పిల్లల్ని ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చిన ఇళ్లకు ఈ వివరాలు. చాలా క్యాంపస్‌లలో పిల్లల దగ్గర సెల్‌ఫోన్ ఉండనివ్వరు. వారానికి ఒకటి రెండుసార్లు, వార్డెన్ దగ్గరున్న ఫోన్‌లో కాసేపు మాట్లాడనిస్తారు, వెనకాల ఇంకా చాలామంది వరసలో నిలబడి ఉంటారు. పిల్లల మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి మీకున్న సమయం అంతే. దాన్ని చాలా ఇళ్లలో మార్కులే మింగేస్తున్నాయి.

మార్కులు ఎలాగూ మీ ఫోన్‌కి మెసేజ్‌గా వచ్చేస్తాయి. అలాంటప్పుడు "వీకెండ్ టెస్టులో ఎన్నొచ్చాయి?" అని మొదలుపెట్టడం దండగ. తక్కువొచ్చిన వారం ఆ పిల్ల ఫోన్ పెట్టేదాకా సంజాయిషీ చెప్పుకుంటూనే ఉంటుంది. నాలుగు వారాలు అలా గడిస్తే "బానే ఉన్నా" తప్ప ఇంకో మాట రాదు.

మొదటి రెండు మూడు నిమిషాలు నిద్ర, తిండి, తోడు గురించి అడగండి. "బాగున్నావా" అంటే "ఆఁ" అనేస్తారు. అందుకని ప్రశ్న చిన్నదిగా, సూటిగా ఉండాలి: "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? మధ్యలో మెలకువొచ్చిందా?" "మధ్యాహ్నం అన్నం తిన్నావా, వదిలేశావా?" "భోజనం దగ్గర నీ పక్కన ఎవరు కూర్చున్నారు?" అన్నిట్లోకీ చివరి ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది. దసరా దాటినా ఒక్క పేరు కూడా చెప్పలేకపోతే మార్కులకన్నా ముందు దాని సంగతి చూడాలి. అడిగాక మీరు మాట్లాడకండి. అవతల నిశ్శబ్దంగా ఉందని మనం సలహాలతో నింపేస్తాం, అసలు మాట అక్కడే ఆగిపోతుంది.

వార్డెన్ వింటుండగా పిల్లలు ఏమీ చెప్పలేరు. అందుకే చేర్చే రోజే ఒక గుర్తు మాట అనుకోండి. "ఆవకాయ అయిపోయింది" అంటే "ఈ ఆదివారం తప్పకుండా రండి" అని అర్థం. ఆ మాట వినబడ్డాక ఎందుకని నిలదీయకుండా వెళ్లాలి. ఒక్కసారి వెళ్లకపోయినా ఆ గుర్తు ఇక పనిచేయదు.

"ఇంటికొచ్చేస్తానమ్మా" అంటే

మొదటి మూడు నాలుగు వారాల్లో ఈ మాట చాలామంది అంటారు. "లక్షన్నర కట్టాం" అంటే తనే ఇంటికి బరువనుకుంటాడు. "మీ బాబాయి కొడుకు ఉండట్లేదా" అంటే ఇంకెప్పుడూ చెప్పడు. అలాగని ఆ నిమిషంలోనే "సరే, వచ్చెయ్" అనడమూ తొందరపాటే. "అక్కడ నీకు చాలా కష్టంగా ఉందన్నమాట. రోజు మొత్తంలో ఏ టైమంటే మరీ కష్టం, నాన్నా?" అని అడగండి.

ఎక్కడ సర్దాలో ఆ జవాబులోనే దొరుకుతుంది. రాత్రి లైట్లు ఆపాక అంటే చాలావరకు ఇంటి మీద బెంగ, అది మెల్లగా తగ్గుతుంది. ఒక పీరియడ్ అంటే ఆ సబ్జెక్టో లెక్చరరో. గదిలోకి వెళ్లాలంటేనే భయమంటే ఎవరో ఏడిపిస్తున్నారేమో చూడాలి, అది ఓపిక పట్టమనే విషయం కాదు. మొత్తం రోజంతా అంటే ఆదివారం దాకా ఆగకండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు బంధువులందర్నీ వెంటేసుకుని వెళ్లకండి. ఇద్దరు చాలు. అనుమతి ఉంటే బయటికి తీసుకెళ్లి భోజనం పెట్టించండి. పుస్తకాలు తెరిపించొద్దు. గదిలోకి రానిస్తే ఉతక్కుండా మూటగట్టిన బట్టలు, మీరు పంపినవి పంపినట్టే ఉన్న డబ్బాలు కనబడతాయేమో చూడండి. ఈ వయసువాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి 11 దాకా స్టడీ అవర్, పొద్దున 5కి లేపడం అంటే ఆరు గంటలే. చిరాకు, మతిమరుపు, తలనొప్పి కొంత అక్కడినుంచే వస్తాయి. "బద్ధకం" అని పేరు పెట్టేముందు ఈ లెక్క వేసుకోండి.

కాలేజీని అడగడానికి మొహమాటపడొద్దు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరిముందూ అవమానించడం మానాలని అందులో ఉంది. కాబట్టి ఫీజు కట్టేముందే అడగండి: కౌన్సెలర్ ఏయే రోజుల్లో ఉంటారు? వార్డెన్‌కి కారణం చెప్పకుండా పిల్లలు వాళ్లను కలవొచ్చా? రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే, కౌన్సెలర్ కాగితం మీదే ఉన్నారని అనుకోవచ్చు.

ఎప్పుడు ఆగకూడదు

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సగానికి పడిపోవడం, ఇష్టమైన క్రికెట్టో బొమ్మలో వదిలేయడం, ప్రతి చిన్నదానికీ కోపం, పరీక్షల్లో ఏమీ తేలని కడుపునొప్పి కనబడితే డాక్టరుకు చూపించాలి. "నేను లేకపోతే మీకు హాయి" అనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, ఒంటిమీద గాయాలు కనబడితే ఆ రోజే వెళ్లాలి.

అప్పుడు సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా, కన్నా?" అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం అక్కర్లేదు, అలా జరగదు. అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. అవునంటే ఏడవకండి, ఒట్టు వేయించుకోకండి. "చెప్పావు, మంచి పని చేశావు. నేను ఇక్కడే ఉంటా" అనండి. ఒంటరిగా వదలకండి, ఇంట్లో మందులు, పురుగుమందులు అందకుండా తీసేయండి, 14416కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీమానస్. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. హాని చేసుకునేలా ఉంటే ఫోన్ మీద ఆధారపడకుండా దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

సైకియాట్రిస్టు మందులు రాస్తే "అలవాటైపోతాయి" అని చుట్టాలు భయపెడతారు. డిప్రెషన్ మందులు మత్తుమందులు కావు. గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి వారాల్లో ఈ వయసు పిల్లల్ని మరింత దగ్గరగా గమనించాలి. కాస్త బాగుందని మధ్యలో ఆపేయడమే ఎక్కువ మంది చేసే పొరపాటు.

ఫలితాల రోజు

హాల్‌టికెట్ నంబరు తెలిసిన ఎవరైనా ఫలితం చూసేయగలరు. కాబట్టి ఆ నంబరు బంధువులకు ఇవ్వొద్దు. ఆ రోజు ఇంట్లో ఒక పెద్దవాళ్లు సెలవు పెట్టుకుని ఉండాలి, ఆ రాత్రి పక్కనే పడుకోవాలి. ఫోన్లన్నీ మీరే ఎత్తండి. "తర్వాత మాట్లాడతాం" అంటే చాలు.

పరీక్ష తప్పితే ఆ సాయంత్రం కారణాలు తవ్వొద్దు. మర్నాడు పొద్దున కూర్చుని మూడు తేదీలు కాగితం మీద రాయండి: రీకౌంటింగ్ (మార్కులు మళ్లీ కూడడం), రీవెరిఫికేషన్ (జవాబుపత్రం మళ్లీ చూడడం) రెంటికీ గడువు, తప్పినవాళ్లు మళ్లీ రాసే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు గడువు, ఆ పరీక్ష మొదలయ్యే రోజు. గడువులు కొద్దిరోజులే ఇస్తారు, ఇంట్లో గొడవల్లో అవి దాటిపోతుంటాయి. పేపరు బాగా రాశానని పిల్లలు అంటే నమ్మి రీవెరిఫికేషన్ పెట్టండి. 2019లో తెలంగాణలో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వేసి, తర్వాత 99గా సరిచేశారు. ఆ ఏడాది తిరిగి చూశాక పాసైనవాళ్లు వెయ్యిమందికి పైనే. రీవెరిఫికేషన్ జవాబు వచ్చేదాకా ఆగకుండా సప్లిమెంటరీ ఫీజు కూడా కట్టేయండి.