ఎరువు వేసినా పైరు లేవడం లేదా? ఇంకో మూట కొనేముందు నేల పీహెచ్ చూడండి

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ హోస్కోటె, మాలూరు, ఆనేకల్, దొడ్డబళ్లాపుర వైపు రెండు మూడెకరాలు కొనుక్కున్న మనవాళ్లు, తరాలుగా అక్కడే సేద్యం చేస్తున్న తెలుగు కుటుంబాలు, ఇద్దరూ నన్ను అడిగేది ఒకటే. "అన్నా, యూరియా వేశాం, డీఏపీ వేశాం, పొటాష్ కూడా వేశాం, పైరు మాత్రం కదలడం లేదు. ఇంకేం వేయాలి?" ఇంకేం వేయాలి అనేది తర్వాతి మాట. వేసింది ఎక్కడికి పోయిందో ముందు చూడాలి. చాలామంది ఆ పని చేయరు. ఆకు ఫొటో తీసి దుకాణంలో చూపిస్తారు, వాళ్లు ఒక డబ్బా చేతిలో పెడతారు, రెండు వారాలకు మళ్లీ ఇంకో డబ్బా.

ఏ ఎరువు ఎప్పుడు వేయాలి, మొక్కకు ఎంత దూరంలో వేయాలి లాంటివి మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

యూరియా చల్లి వారం దాటినా ఆకు పచ్చబడలేదు

పైపైన చల్లి వదిలేసి ఉంటారు. యూరియాలో 46 శాతం నత్రజని ఉన్న మాట నిజమే, కానీ తడి నేల మీద కప్పకుండా వదిలితే అందులో కొంత అమ్మోనియా అయి గాలిలో కలిసిపోతుంది, ఎండా గాలీ ఉన్న రోజైతే ఇంకా ఎక్కువ పోతుంది. మట్టిలో కలపండి, లేదంటే అదే రోజు తేలికపాటి తడి ఇవ్వండి. తేలికపాటి అని ఎందుకంటున్నానంటే మన ఎర్ర నేలల్లో నీళ్లు ఎక్కువ పారిస్తే నత్రజని వేరు దాటి కిందికి దిగిపోతుంది. ఒకేసారి కుమ్మరించకుండా రెండు మూడు దఫాలుగా వేయండి. దీనికి ఇంతకంటే మందు లేదు.

ఆకు అంచులు మాడాయి

ఎరువు మొదలుకు దగ్గరగా పడింది, లేదా తడి లేని నేలలో వేశారు. బాగా నీళ్లు పెట్టి ఆగండి, కొత్త ఆకు బాగా వస్తే అంతటితో వదిలేయండి. కింది ముదురు ఆకుల అంచులు మాత్రమే మాడుతూ పైకి వస్తుంటే అది పొటాష్ లోపం, ఆ రెండింటినీ కలిపేసుకోవద్దు.

డ్రిప్ పైపుల్లో తెల్లగా గట్టిపడింది

కాల్షియం నైట్రేట్‌ను 12-61-0 తోనో (భాస్వరం ఎక్కువుండే, నీళ్లలో కరిగే ఎరువు), మెగ్నీషియం సల్ఫేట్‌తోనో ఒకే డ్రమ్ములో కలిపారు. కాల్షియం, భాస్వరం కలిస్తే గడ్డకడుతుంది, సల్ఫేట్‌తో కలిస్తే జిప్సం అవుతుంది. విడివిడిగా, వేరే రోజుల్లో వదలండి. ఇక బోరు నీళ్లు గట్టివైతే ఏమీ కలపకపోయినా తెల్లగా పడుతుంది, అప్పుడు పైపులకు యాసిడ్ పెట్టి కడగాల్సిందే.

అన్నీ వేశారు, నీళ్లున్నాయి, పురుగు లేదు, అయినా పైరు ఆగిపోయింది

అసలు చెప్పాలనుకున్నది ఇదే.

ఇది చేనంతా ఒకేలా ఉండదు, అక్కడక్కడా పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. యూరియా వేస్తే నాలుగు రోజులు పచ్చబడి మళ్లీ పాలిపోతుంది. డీఏపీ ఎంత వేసినా కింది ఆకులు ఊదారంగు తిరుగుతూనే ఉంటాయి. బీన్స్ వేస్తే వేరు మీద ఉండాల్సిన, గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలు ఉండవు, ఉన్నా చిన్నగా తెల్లగా ఉంటాయి. మట్టి పరీక్ష కాగితం చూస్తే భాస్వరం 'ఎక్కువ' అని కూడా వచ్చి ఉంటుంది, దాంతో మనిషికి అసలేమీ పాలుపోదు. అప్పుడు విత్తనాల మీద అనుమానం వస్తుంది, తర్వాత వైరస్ అంటారు, తర్వాత మందులు కొట్టేవాడిని మారుస్తారు.

పార తీసుకుని బాగున్న మొక్క ఒకటి, ఆగిపోయిన మొక్క ఒకటి పెళ్లగించి వేర్లు కడిగి పక్కపక్కన పెట్టండి. ఆగిపోయిన దాని వేరు పొట్టిగా, లావుగా, కొసలు గోధుమరంగులో, సన్నని పీచు వేర్లు లేకుండా ఉంటే నేల ఆమ్లం ఎక్కిందేమో అని అనుమానించాలి. పీహెచ్ అంటే నేల ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 మధ్యస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. అది 5.5 కంటే కిందికి దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేరు కొసల్ని దెబ్బతీస్తుంది. మీరు వేసిన భాస్వరాన్ని ఆ అల్యూమినియం, ఇనుము పట్టేసుకుంటాయి, అది నేలలో ఉన్నా మొక్కకు దొరకదు. కాల్షియం, మెగ్నీషియం కూడా తగ్గిపోతాయి. వేర్లే లేని మొక్కకు పైన ఎన్ని మూటలు పోసినా, నోరు కట్టేసి విస్తరి వేసినట్టే.

ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుందంటే, కొంత నేలదే. బెంగళూరు చుట్టూ ఉన్న ఎర్ర మట్టి గ్రానైటు రాళ్ల నుంచి వచ్చింది, పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ, వానకు కాల్షియం కొట్టుకుపోతుంది. మిగతాది మనం వేసేది. యూరియా అయినా, డీఏపీ అయినా, అమ్మోనియం సల్ఫేట్ అయినా అందులోని అమ్మోనియా రూపం నేలలో నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. 100 కిలోల యూరియా పుట్టించే ఆమ్లాన్ని విరచడానికి దాదాపు 80 కిలోల సున్నపురాయి పొడి కావాలి, అదే అమ్మోనియం సల్ఫేట్‌కు 110 కిలోలు. మీరు కొనే 45 కిలోల యూరియా మూటకు లెక్క వేస్తే 36 కిలోలు. ఏడాదికి ఎకరాకు నాలుగు మూటలు వేసేవాళ్లకు దాదాపు ఒకటిన్నర క్వింటాలు. ఆ సున్నం ఎన్నేళ్లుగా బాకీ పడిందో ఎవరికి వాళ్లు లెక్క వేసుకోండి. 2015 నుంచి యూరియా అంతా వేపపూతతోనే వస్తోంది కదా అంటారు, వేపపూత ఆ మార్పును నెమ్మది చేస్తుందే కానీ ఆపదు.

దీనికి రుజువు ఊళ్లోనే ఉంది. జీకేవీకేలో, అంటే బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో, రాగి, మొక్కజొన్న మీద దశాబ్దాలుగా నడుస్తున్న దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగంలో నత్రజని ఒక్కటే వేస్తూ వచ్చిన మడుల్లో నేల ఆమ్లం పెరిగి దిగుబడి పడిపోయింది. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడింటితో పాటు పశువుల ఎరువో సున్నమో అందిన మడులు నిలబడ్డాయి. నవంబరులో జరిగే కృషి మేళాకు ఎలాగూ పోతారు, ఆ మడుల గురించి అడిగి తెలుసుకోండి.

ఇది ఇంతకాలం ఎందుకు బయటపడలేదంటే, రాగి ఓర్చుకుంటుంది. ఉర్లగడ్డ కూడా ఓర్చుకుంటుంది. బీన్స్, బీట్‌రూట్, ఉల్లి, క్యాబేజీ ఓర్చుకోలేవు. హోస్కోటె దగ్గర ఒక కుటుంబంలో ఇదే జరిగింది. కొడుకు రాగి మానేసి డ్రిప్ వేసి బీన్స్ పెట్టాడు, పైరు మోకాలి దగ్గరే నిలిచిపోయింది. నేలలో ఏదో ఉంది పెద్దాయనా అంటే, "మా నాయన ఇదే చేలో రాగి పండించి మమ్మల్ని సాకినాడు, నేలను అనొద్దు నాయనా" అన్నాడు. ఆయన బాధ అర్థమవుతుంది. వాళ్ల దగ్గర మట్టి పరీక్ష కాగితం కూడా ఉంది, పీహెచ్ 6.3 అని. ఆ కాగితం చూసి అందరూ నేలను వదిలేసి మిగతావన్నీ వెతికారు. తీరా చూస్తే మట్టి తీసింది గట్టు పక్క, ఎరువు ఎప్పుడూ పడని చోట. పైరు ఆగిపోయిన పట్టీలో, డ్రిప్పు చుక్క పడే చోట తీసి పంపితే 4.8 వచ్చింది.

అందుకే మట్టి తీసే పద్ధతి గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను. డ్రిప్పులో ఎరువు వదిలే చేలో ఆమ్లమంతా చుక్క పడే చోటే పోగవుతుంది, రెండు లైన్ల మధ్య మట్టి మామూలుగానే ఉంటుంది. రెండూ కలిపి పంపితే సగటు అంకె వస్తుంది, దాన్ని నమ్మి మోసపోతాం. బాగున్న చోటు ఒక సంచి, బాగాలేని చోటు ఒక సంచి. రెండింటికీ మొక్క వేర్లు ఉండే చోటే, పై పొర గీరేసి 15 సెంటీమీటర్ల లోతు దాకా. ఒక్కో సంచికి ఆ పట్టీలోనే ఎనిమిది పది చోట్ల తీసి కలపండి. ఎరువు వేసిన వెంటనే తీయొద్దు. వ్యవసాయ శాఖ వాళ్ల రైత సంపర్క కేంద్రంలో ఇవ్వండి, లేదా జీకేవీకేకి, దొడ్డబళ్లాపుర తాలూకా వాళ్లయితే హాడోనహళ్లి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. పీహెచ్‌తో పాటు సున్నం ఎంత కావాలో కూడా చెప్పమని అడగండి, అడగకపోతే చాలాసార్లు ఆ అంకె రాదు. వంటసోడా చల్లి పొంగితే ఆమ్లం అనే చిట్కాలను నమ్ముకుని మాత్రం సున్నం కొనొద్దు.

పరీక్షలో తక్కువ వచ్చిందనుకుందాం. సున్నపురాయి పొడి, మెగ్నీషియం కూడా తక్కువుంటే డోలమైట్ పొడి వేయాలి. ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా పని చేస్తుంది, రవ్వలా ఉన్నది ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. పరీక్ష చెప్పిన మొత్తం ఒకేసారి పెట్టే స్తోమత లేకపోతే ఏటా ఎకరాకు ఒకటి, ఒకటిన్నర క్వింటాలు చాళ్లలో వేసుకుంటూ పోవచ్చు. విత్తడానికి రెండు మూడు వారాల ముందు, తేమ ఉన్నప్పుడు వేసి మట్టిలో కలియదున్నాలి. ఇళ్లకు వేసే తడిసున్నం, కాల్చిన సున్నం అయితే బలం ఎక్కువ, చేతులూ కళ్లూ కాలతాయి, మోతాదు తగ్గించాలి. 100 కిలోల రాయి పొడి చేసే పని 74 కిలోల తడిసున్నం చేస్తుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాట్లు రెండున్నాయి. ఒకటి, సున్నం బదులు జిప్సం వేయడం. జిప్సంలో కాల్షియం ఉంటుంది కానీ అది పీహెచ్ పెంచదు, అది చౌడు నేలలకు వేసేది. వేరుశనగకు వేస్తున్నాం కదా అని ఇక్కడా సరిపోతుందనుకోవద్దు. రెండోది, కూలీ ఖర్చు కలిసొస్తుందని సున్నాన్ని యూరియాతోనో డీఏపీతోనో కలిపి చల్లడం. నత్రజని అమ్మోనియా అయి కళ్ల ముందే పోతుంది. సున్నం వేసిన రెండు మూడు వారాల దాకా ఆ మూటలు విప్పొద్దు. అలాగే తేలిక నేలలో అతిగా వేస్తే జింకు, ఇనుము, బోరాన్ అందవు, అది ఇంకో తలనొప్పి.

ముఖ్యంగా, చూడకుండా ఎవరూ సున్నం పోయొద్దు. కోలారు, చింతామణి వైపు కొన్ని బోర్ల నీళ్లలో బైకార్బొనేట్ అనే లవణం ఎక్కువ, అక్కడ నేల దీనికి పూర్తిగా ఎదురుదిక్కులో, క్షారం వైపు పోయి ఉంటుంది. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్య భాగం పసుపెక్కితే ముందు అదే అనుమానించాలి. అలాంటి చోట సున్నం పోస్తే ఉన్నది కూడా చెడుతుంది.

హోస్కోటె చేలో సున్నం వేశాక తర్వాతి బీన్స్ బాగా లేచాయి, అయినా ఆ పట్టీలు పూర్తిగా కలిసిపోలేదు. ఏళ్ల తరబడి జరిగింది ఒక్క పంటలో సరికాదు. పశువుల ఎరువు ఆపకుండా వేయాలి, నత్రజనిలో కొంత కాల్షియం నైట్రేట్ రూపంలో ఇవ్వాలి, రెండేళ్లకోసారి అదే చోట మట్టి తీయాలి.

ఇదంతా విని "అయితే రసాయన ఎరువులే మానేస్తాం" అనేవాళ్లున్నారు. దయచేసి తొందరపడొద్దు. 1950లో దేశం పండించిన తిండిగింజలు దాదాపు 5 కోట్ల టన్నులు, ఇప్పుడు 30 కోట్లు దాటాయి. కొత్త విత్తనం, నీళ్లు, ఎరువు మూడూ కలిస్తేనే అది జరిగింది. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసి, వరి దెబ్బతిని, అదే ఏడాది వెనక్కి తగ్గింది. పేద దేశంలో చిన్న రైతుకు ఆ మూట అవసరం. సమస్య మూటల మధ్య తూకం తప్పడంలో ఉంది. యూరియా మూట 266 రూపాయల 50 పైసలు, డీఏపీ 1,350, పొటాష్ దాదాపు మొత్తం దిగుమతే. యూరియా ధర ప్రభుత్వం చేతిలో ఉంది, మిగతావి 2010 నుంచి వేరే సబ్సిడీ పద్ధతిలోకి వెళ్లాయి. చేతిలో డబ్బు తక్కువున్న రైతు చవకైనదే ఎక్కువ వేస్తాడు, అందులో ఆయన తప్పేముంది? కానీ ఆ చవకకు సున్నం ఖర్చు కూడా కలిపి చూసుకోవాలని ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి. సున్నం మూట మీద అమ్మేవాడికి మిగిలేది తక్కువ, అందుకే దుకాణంలో ఆ మాట మీకు పెద్దగా వినిపించదు.

మిగతావి

నకిలీ ఎరువు అనే అనుమానం అందరికీ వస్తుంది, నిజంగా అదే కారణమైంది తక్కువ. డీఏపీ గింజలకు కాస్త సున్నం కలిపి అరచేతిలో నలిపితే ఘాటైన వాసన రావాలి. యూరియా నీళ్లలో పూర్తిగా కరిగి గ్లాసు చల్లబడాలి. తేడా ఉంటే బిల్లు పట్టుకుని వ్యవసాయ శాఖ వాళ్ల దగ్గరికి వెళ్లండి. నులిపురుగులైతే వేరు కడిగినప్పుడే ఉబ్బులు కనిపిస్తాయి, వాటికి వైద్యం వేరు. మిద్దె మీద కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కుండీలకు ఈ సున్నం లెక్కలేవీ పనికిరావు, అక్కడ చాలాసార్లు ఉప్పు పేరుకుంటుంది, కింద రంధ్రం నుంచి బాగా కారేదాకా మంచినీళ్లు పోసి కడిగేయండి.