పుస్తకం గురించి గ్రూపులో రాసేముందు

చదివిన పుస్తకం గురించి గ్రూపులో "చాలా బాగుంది" అని రాస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. చదువుతుండగానే మనసు ఆగిన చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి, పక్కన రెండు ముక్కలు రాసుకోండి: "ఇక్కడ తల్లి మీద కోపం వచ్చింది", "ఈ ఉత్తరం ఎందుకు దాచాడో?" అలా. తర్వాత వాటిలో ఒక్కటి ఎత్తుకుని రాస్తే చాలు, అవతలివాళ్లకు జవాబివ్వడానికి పట్టు దొరుకుతుంది.

ఎన్నో అధ్యాయం దాకా చదివారో మొదటి లైన్లోనే చెప్పండి. పేజీ నంబరు మాత్రం నమ్ముకోవద్దు, ముద్రణ మారితే అదీ మారుతుంది. ఈబుక్‌లో అక్షరాల సైజు పెంచినా మారొచ్చు. ముగింపు గురించైతే ముందే హెచ్చరించి, కొన్ని ఖాళీ లైన్లు వదిలి కింద రాయండి. నచ్చలేదా, ఎక్కడ విసుగొచ్చిందో మొహమాటపడకుండా చెప్పేయండి. నన్నడిగితే, చర్చ బాగా నడిచేది అలాంటి పోస్టుల కిందే.