బ్యాకప్ పాఠాలు – 3: రిస్టోర్ చేసి చూశారా?

పోయిన పాఠంలో 3-2-1 పద్ధతి చూశాం: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. అదంతా మీరు సెట్ చేసేశారు, రోజూ రాత్రి బ్యాకప్ నడుస్తోంది అనుకుందాం. ఇక టెన్షన్ లేదా? ఫైళ్లు వెనక్కి వచ్చాక చెప్పండి.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీర్ అదనపు సర్వర్‌లో చెరపబోయి అసలు సర్వర్‌లోనే డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశారు. ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. సరే, బ్యాకప్ నుంచి వెనక్కి తెద్దామంటే అక్కడ ఏమీ లేదు! డేటాబేస్ వెర్షన్ 9.6, బ్యాకప్ తీసే టూల్ 9.2. అందుకే అది రోజూ ఫెయిలవుతోంది. ఫెయిలైందని వెళ్లే మెయిళ్లను మెయిల్ సర్వరే తిప్పికొడుతోంది. వేరే పనికోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే తీసిన కాపీ) ఒకటి ఉండబట్టి బతికిపోయారు. మెయిల్ రాలేదంటే అంతా బాగున్నట్టే అని మనమూ అనుకుంటాం కదా.

ఆ ఆరు గంటల్లో చేరిన డేటా పోయింది. ఎంతసేపటి పని పోయినా తట్టుకోగలం అన్న లెక్కే ఆర్‌పీఓ (రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్). మళ్లీ నిలబడడానికి ఎంతసేపు ఆగగలం అన్నది ఆర్‌టీఓ (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్). వీటిలో జనం తేలిగ్గా తీసుకునేది రెండోదే. మీ క్లౌడ్ కాపీ 1 టీబీ, నెట్ 100 ఎంబీపీఎస్ అనుకోండి. 1 టీబీ అంటే 80 లక్షల మెగాబిట్లు; సెకనుకు 100 మెగాబిట్లు వస్తాయి కాబట్టి 100తో భాగిస్తే 80,000 సెకన్లు. అంటే ఫుల్ స్పీడ్‌లో వచ్చినా 22 గంటలు పైనే! 'రెండు గంటల్లో లేపేస్తాం' అని ప్లాన్‌లో రాసుకుని లాభం లేదు. దగ్గర్లో ఒక హార్డ్ డిస్క్ కాపీ కూడా ఉంచాల్సిందే.

ఈ వారం అభ్యాసం. ఏదో ఒక ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి రిస్టోర్ చేయండి. పాతదాని మీదకి మాత్రం వద్దు, బ్యాకప్ పాడైతే ఉన్నదీ పోతుంది. ఫైళ్ల సంఖ్య, సైజు పోల్చండి. పెద్ద ఫైల్ ఒకటి తెరిచి చివరిదాకా చూడండి. బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంటే, అది కాగితం మీద కూడా ఉందా? పాత కంప్యూటర్‌లోనే దాచుకున్నవాళ్లు చాలామందే ఉంటారు.

మొదలుపెట్టిన టైమ్, అయిపోయిన టైమ్ రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో రికవరీ ప్లాన్ రాసేది ఆ నిమిషాలతోనే.