వాసన రావట్లేదని దగ్గరికి పోకండి

జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా బోట్లన్నీ ఒక్కసారే మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు, దాటతాయి. వల, ఇంజను, డీజిలు, ఐసు ఎలాగూ చూసుకుంటారు. నీళ్ళలో గ్యాసు బుడగలు కనిపిస్తే ఏం చేయాలో కూడా బోటులో అందరూ ముందే అనుకోవాలి.

గోదావరి తెచ్చి పోసే ఒండ్రులో ఆకూ అలమూ కుళ్ళి మీథేన్ అనే మండే గ్యాసు పుడుతుంది. బాగా లోతున, రాతి పొరల్లో ఉన్న గ్యాసు వేరు. ఏదైనా సందు దొరికితే పైకి వస్తుంది. లోతు సముద్రంలో బుడగలు చాలావరకు దారిలోనే నీళ్ళలో కరిగిపోతాయి, లోతు తక్కువైన చోట పైదాకా వచ్చేస్తాయి. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ నీటి బరువు తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ రావచ్చు.

మీథేన్‌కి వాసన లేదు. ఇంట్లో సిలిండర్‌కి వచ్చే వాసన కావాలని కలిపింది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ఒకేచోట ఆగకుండా బుడగలు లేస్తుంటే బీడీ, స్టవ్ ఆర్పేసి, గాలి వచ్చే వైపుకి తప్పుకోండి. అక్కడ లంగరు వేయొద్దు, ఇంజను ఆపి మళ్ళీ స్టార్ట్ చేయొద్దు. జీపీఎస్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకుని మత్స్యశాఖకి చెప్పండి. నీళ్ళు చప్పుడు చేస్తూ ఉడికినట్టు లేస్తుంటే గ్యాసు పైపు లీకో, గ్యాసు బావి లీకో కావచ్చు. దూరంగా పోయి కోస్ట్‌గార్డ్ 1554కి ఫోన్ చేయండి. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి రెండు నెలలకు పైగా మండింది, మన పెద్దలు మరిచిపోలేదు.

నా భయమంతా బోటు లోపలి గది గురించే. రెండు నెలలు మూసి ఉన్న చేపల గదిలో మిగిలిన చేప ముక్కలు, అడుగున నిలిచిన నీళ్ళు కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష గ్యాసు తయారవుతుంది. మొదట కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపూ తెలియదు, పోయిందనుకుని దిగుతారు. మూతలన్నీ తీసి, చాలాసేపు గాలి ఆడనిచ్చాకే దిగండి. దీపం దించి చూడడం అసలు వద్దు. దిగేవాడి నడుముకి తాడు కట్టి, పైన ఇద్దరు ఉండాలి. లోపల మనిషి పడిపోతే వెంటనే దూకకండి, అలా దూకే ఒకరి వెనక ఒకరు పోతున్నారు. తాడుతో పైకి లాగి 108కి చెప్పండి. మూత ఇరుకని చిన్నపిల్లల్ని ఆ పనికి దించొద్దు.