కెమెరా సెన్సార్‌ను ఇంట్లో శుభ్రం చేయడం ఎలా? ముందు ఆ ఇయర్‌బడ్ పక్కన పెట్టండి

ఏటా నిమజ్జనం మర్నాడు నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఆకాశంలో నల్లచుక్కలు వస్తున్నయ్, లెన్స్ పోయిందా?" లెన్స్ పోలేదు తమ్ముడూ. ట్యాంక్‌బండ్ మీద గులాల్ ఎగురుతుంటే మధ్యలో నిలబడి మూడుసార్లు లెన్స్ మార్చావు, అంతే. బోనాలప్పుడు పసుపు, నుమాయిష్‌లో జనం కాళ్ల కింద లేచే దుమ్ము, పెళ్లిళ్ల సీజన్‌లో హల్దీ ఫంక్షన్లు. ఈ ఊళ్లో కెమెరా పట్టుకుని తిరిగేవాడికి సెన్సార్ మీద, అంటే లెన్స్ వెనక ఫోటోను పట్టుకునే పలక మీద, దుమ్ము పడటం వింత కాదు.

నాకు చిరాకు దుమ్ముతో కాదు, ఫోన్ చేసేలోపు వాళ్లు చేసేసిన వైద్యంతో. ఒకతను నోటితో ఊదాడు, తుంపర్లు పడి ఎండిపోయాయి. ఇంకొకతను కళ్లజోడు గుడ్డతో తుడిచాడు. ఒక షాపులో, పేరెందుకు లెండి, నా కళ్లముందే ఇయర్‌బడ్‌ను స్పిరిట్‌లో ముంచి గుండ్రంగా రుద్దుతుంటే ఆపమని అరిచాను. ఆ దూది పోగులు ఏరడానికి నాకు సాయంత్రమంతా పట్టింది.

పని కష్టమైంది కాదు. అందులో ఒక్క మెట్టు మాత్రమే కష్టం. మిగతావి చకచకా చెప్పేస్తాను, ఆ మెట్టు దగ్గర మాత్రం ఓపిగ్గా చదవండి.

కావలసినవి

పెద్ద రబ్బరు బ్లోయర్. మీ సెన్సార్ సైజుకు సరిపోయే స్వాబ్‌లు, అంటే కొనకు మెత్తటి గుడ్డ చుట్టిన చదును పుల్లలు: ఫుల్ ఫ్రేమ్‌కు (పెద్ద సెన్సార్) 24 మిల్లీమీటర్లవి, ఏపీఎస్-సీకి (దానికన్నా చిన్నది) 16 మిల్లీమీటర్లవి. సెన్సార్ కోసమే అమ్మే లిక్విడ్ ఒక చిన్న సీసా. ఫుల్ ఛార్జ్ చేసిన బ్యాటరీ. ఒక టార్చి. ఇవన్నీ కోఠిలో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. స్వాబ్‌లు ఒక్కోటి విడిగా ప్యాక్ చేసినవే తీసుకోండి. డబ్బాలో గుత్తగా వచ్చేవి చవక, కానీ మూత తీసిన మరుక్షణం నుంచి వాటి మీదా దుమ్మే.

కంప్యూటర్ కీబోర్డుకు కొట్టే గ్యాస్ డబ్బా వద్దు, కొన్నిసార్లు అందులోంచి ద్రవం బయటికి చిమ్ముతుంది. మందుల షాపు స్పిరిట్ అసలే వద్దు, ఆరాక మరకలు మిగులుస్తుంది.

ఎక్కడ కూర్చోవాలి

బాత్రూమ్‌లో. నవ్వకండి. వేడినీళ్లు ఐదు నిమిషాలు వదిలితే ఆవిరికి గాల్లో దుమ్ము కిందికి దిగుతుంది. ఆవిరి పూర్తిగా పోయాక, ఓ అరగంట ఆగి, పొడి చేతులతో మొదలుపెట్టాలి. ఇంకెక్కడ చేసినా ఫ్యాను, ఏసీ రెండూ ఆపాల్సిందే. మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోవడం నరకమే, కాబట్టి తెల్లవారుజామున చేసుకోండి. వీలైనంతవరకు నేను వాన వెలిసిన పొద్దునే ఈ పని ముట్టుకుంటాను.

ముందు చుక్క ఎక్కడుందో పట్టుకోండి

అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ సన్నబడుతుంది) ఎఫ్/16, ఐఎస్ఓ 100. మాన్యువల్ ఫోకస్ పెట్టి, తెల్లగోడనో మబ్బులేని ఆకాశాన్నో కావాలనే మసకగా తీయండి. షట్టర్ నెమ్మదిగా ఉంటే ఇంకా మంచిది, తీస్తూ కెమెరాను కాస్త కదిలించండి. గోడ మీది మరకలన్నీ కదిలి కలిసిపోతాయి, సెన్సార్ మీదున్నవి మాత్రం కదలవు.

ఎఫ్/2.8 దగ్గర కనబడని చుక్క ఎఫ్/16 దగ్గర ఎందుకు కనబడుతుందంటే, దుమ్ము కూర్చునేది అసలు సెన్సార్ మీద కాదు, దాని ముందున్న ఫిల్టర్ గాజు మీద. పెద్ద అపర్చర్ దగ్గర వెలుతురు అన్ని వైపుల నుంచీ వచ్చి ఆ నీడను చెరిపేస్తుంది. సన్న రంధ్రం నుంచి వచ్చే వెలుతురుకు నీడ గట్టిగా పడుతుంది. పోర్ట్రెయిట్లు మాత్రమే తీసేవాళ్లకు తమ సెన్సార్ ఎంత మురికిగా ఉందో ఏళ్ల తరబడి తెలియకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఫోటోలో పైన కనబడే చుక్క సెన్సార్ మీద కింద ఉంటుంది. కుడి ఎడమలు మాత్రం మారవు: కెమెరాను నిటారుగా మీవైపు తిప్పుకుని మౌంట్ (లెన్స్ బిగించే చోటు) లోపలికి చూస్తే, ఫోటోలో ఎడమన ఉన్నది మీకూ ఎడమనే ఉంటుంది. తలకిందులు చేయాల్సింది పైనా కిందా మాత్రమే.

మిర్రర్‌లెస్ కొంటే ఈ బాధ ఉండదా?

ఇంకా పెరుగుతుంది. మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని కెమెరా. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ తీస్తే ముందు అద్దం, దాని వెనక షట్టర్, ఆ వెనకెక్కడో సెన్సార్. కెనాన్ ఈఎఫ్ మౌంట్ నుంచి సెన్సార్‌కు 44 మిల్లీమీటర్ల దూరం. అదే సోనీ ఈ మౌంట్‌లో 18, నికాన్ జెడ్‌లో 16. చాలా మిర్రర్‌లెస్ బాడీల్లో లెన్స్ తీయగానే సెన్సార్ వాకిట్లో కూర్చున్నట్టు ఎదురుగా కనబడుతుంది. 2013లో సోనీ ఏ7 వచ్చి, 2018లో కెనాన్, నికాన్ కూడా ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి దిగాక ఊరంతా పాత బాడీలు అమ్మి కొత్తవి కొన్నారు. బరువు తగ్గింది, ఫోకస్ వేగం పెరిగింది, దుమ్ము గురించి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పలేదు. కెనాన్ మాత్రం ఈఓఎస్ ఆర్‌లోనే స్విచ్ ఆపగానే షట్టర్ మూసుకునేలా చేసింది. నికాన్ జెడ్9లో మెకానికల్ షట్టరే లేదు, అయినా సెన్సార్‌కు అడ్డంగా ఒక తెర పెట్టారు. సోనీ కొన్ని కొత్త బాడీల్లో మెనూలో ఆ ఆప్షన్ ఇచ్చింది, వెతికి ఆన్ చేసుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి. అలా మూసుకున్న షట్టర్‌ను వేలితో తాకకూడదు, దగ్గరగా గాలీ కొట్టకూడదు. ఆ రేకులు కాగితమంత పల్చన.

మొదట గాలి, తర్వాతే తడి

హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైట్ బండల మీద. కోకాపేట, నార్సింగి వైపు పునాదుల కోసం బండలు పగలగొడుతుంటే లేచేది ఆ రాతిపొడే. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ స్కేలు మీద క్వార్ట్జ్ 7 దగ్గర, మామూలు గాజు ఐదున్నర దగ్గర ఉంటాయి. అంటే మన ఊరి దుమ్ములో గాజును గీయగలిగిన రేణువులున్నాయి. దాని మీద నేరుగా స్వాబ్ పెట్టి లాగారంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఫిల్టర్ మీద గీత పడితే ఆ బిల్లు చూసి, ఈ డబ్బుతో ఒక సెకండ్ హ్యాండ్ బాడీ వచ్చేది కదా అనుకుంటారు.

కాబట్టి ముందు బ్లోయర్. వాడేముందు దాన్ని బయటికి పదిసార్లు నొక్కండి, లోపలి పొడి పోతుంది. కెమెరా మెనూలో క్లీనింగ్ మోడ్ ఉంటుంది, అది ఆన్ చేసి, మీ మాన్యువల్‌లో ఎలా చెప్పారో అలా సెన్సార్ బయటపడేలా చూసుకోండి. బ్యాటరీ నిండుగా ఉండాలన్నది ఇందుకే. డీఎస్ఎల్ఆర్‌లో మధ్యలో ఛార్జ్ అయిపోతే అద్దం వచ్చి స్వాబ్ మీద పడుతుంది. కెమెరా మూతిని నేల వైపు వంచి పట్టుకుని, కింది నుంచి పైకి ఊదాలి. బ్లోయర్ ముక్కు మౌంట్ దాటి లోపలికి వెళ్లకూడదు. ముందు చుట్టూ ఉన్న గోడలకు, తర్వాత సెన్సార్‌కు, మొత్తం పదిహేనుసార్లు. మళ్లీ ఎఫ్/16 ఫోటో.

నా దగ్గరికి వచ్చే కెమెరాల్లో చాలావాటికి పని ఇక్కడితోనే అయిపోతుంది. చుక్కలు పోయాయా? ఆపేయండి. స్వాబ్ కొన్నాం కదా అని వాడాల్సిన పని లేదు.

గాలికి పోనివి రెండు రకాలు: తేమకు అతుక్కున్నవి, షట్టర్ నుంచి చిమ్మిన నూనె చుక్కలు. నూనె చుక్క గుండ్రంగా, అంచున పల్చని వలయంతో ఉంటుంది. కొత్త బాడీకి కూడా ఇది రావచ్చు. 2012లో వచ్చిన నికాన్ డీ600కు ఈ చుక్కల గొడవ ఎంత ముదిరిందంటే, చివరికి కంపెనీయే షట్టర్లు ఉచితంగా మార్చి ఇచ్చింది.

అసలు మెట్టు: తడి స్వాబ్

చేతులు కడుక్కుని ఆరబెట్టుకోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. పిల్లలుంటే తలుపు గడియ వేయండి.

స్వాబ్ కవరు చింపాక ఆ కొనను దేనికీ తగలనివ్వొద్దు, వేలికి అసలే వద్దు. వేలి జిడ్డు నేరుగా సెన్సార్‌కు చేరుతుంది. కొన మీద లిక్విడ్ వేయండి: ఏపీఎస్-సీకి ఒకటి రెండు చుక్కలు, ఫుల్ ఫ్రేమ్‌కు రెండు, మహా అయితే మూడు. వేశాక ఐదారు సెకన్లు ఆగాలి, గుడ్డ దాన్ని పీల్చుకోవాలి. కొన తడిగా ఉండాలి, కారకూడదు.

ఇక్కడే నేను ఒకసారి దెబ్బతిన్నాను. మర్నాడు మేడ్చల్ వైపు పెళ్లి షూట్. అర్ధరాత్రి టెన్షన్‌లో, ఎక్కువ వేస్తే బాగా పోతుందనుకుని ఐదు చుక్కలు వేశాను. సెన్సార్ నిండా గీతలు, పాత వైపర్ తుడిచిన కారు అద్దంలా. దాన్ని పోగొట్టడానికి నాలుగు స్వాబ్‌లు ఖర్చయ్యాయి, నిద్ర లేకుండానే ముహూర్తానికి వెళ్లాను. లిక్విడ్ ఎక్కువైతే గీతలే కాదు, సెన్సార్ అంచుల సందుల్లోకి దిగే ప్రమాదం కూడా ఉంది. సీసాను ఎప్పుడూ కెమెరాకు దూరంగా పట్టుకునే చుక్కలు వేయండి. నేరుగా సెన్సార్ మీద చుక్క వేసేవాళ్లను కూడా చూశాను. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు.

ఇప్పుడు కెమెరాను బల్ల మీద మూతి పైకి ఉండేలా పెట్టండి. టార్చి పక్క నుంచి పడాలి. స్వాబ్‌ను సెన్సార్ ఎడమ అంచున ఆనించండి. స్వాబ్ వెడల్పు సెన్సార్ ఎత్తుకు సరిపోతుంది కాబట్టి పైకీ కిందికీ తిప్పాల్సిన పని లేదు. పిడిని మీరు లాగే వైపుకు కొద్దిగా వాల్చి, ఆ చివర నుంచి ఈ చివరకు ఒకే లాగుడు. మధ్యలో ఆగొద్దు, వెనక్కి రావొద్దు, గుండ్రంగా తిప్పొద్దు. కుడి అంచు చేరాక ఎత్తేయండి. స్వాబ్ రెండో ముఖం తిప్పి, కుడి నుంచి ఎడమకు ఇంకొక్కసారి. అంతే, ఆ స్వాబ్ చెత్తబుట్టలోకి. "ఇంకా తెల్లగానే ఉంది కదా" అని మూడోసారి లాగొద్దు. మొదటిసారి ఎత్తిన రేణువు దాని మీదే ఉంది.

ఎంత ఒత్తాలి? అందరూ అడిగేదిదే, రాతలో చెప్పడం కష్టమైందీ ఇదే. పసిపాప కంటికి కాటుక పెట్టేటప్పుడు వేలు ఎంత ఆనుతుందో అంత. స్వాబ్ కొన కాస్త వంగాలి, పిడి వంగకూడదు. మరీ భయపడి గాల్లో తేలిస్తే గాజుకు తగలదు, తడి మాత్రం అంటుతుంది. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉంటే సెన్సార్ అయస్కాంతాల మీద తేలుతూ ఉంటుంది, చేతి కింద కొంచెం కదిలినట్టు అనిపించవచ్చు. కంగారుపడి గట్టిగా నొక్కకండి, అలాగే కొనసాగించండి. ముందు ఒక పాత కళ్లజోడు అద్దం మీద పదిసార్లు సాధన చేసి రండి. ఈ మాట విన్నవాళ్లెవరూ నాకు రెండోసారి ఫోన్ చేయలేదు.

జిగురుగా అతుక్కుని దుమ్మును ఎత్తే జెల్ పుల్లలు మేలని వాదించే మిత్రులు నాకున్నారు. పొడి దుమ్ముకు అవి పనిచేస్తాయి, ఒప్పుకుంటాను. కానీ నూనె చుక్కను అవి ఎత్తవు, ఒక్కోసారి తమ జిడ్డునే అంటించి పోతాయి. ఒకే పుల్లను నెలల తరబడి కాగితానికి అద్ది అద్ది వాడటం నా మనసుకు పట్టదు.

ఇంకో వర్గం ఉంది, "ఎడిటింగ్‌లో తీసేస్తాం భాయ్" అనేది. ఒక ఫోటోకైతే సరే. పెళ్లికి తీసిన రెండు వేల ఫోటోల్లో అదే చుక్క పెళ్లికూతురు నుదుటి మీదా, మండపం పూల మీదా, మామగారి చొక్కా మీదా ఉంటే? వీడియోలోనైతే ఇంకా అన్యాయం. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్, గాజు పలకల మీద తీశాడు. పలక మీద దుమ్ము పడితే ఆ ఒక్క ఫోటో పోయేది, తర్వాతిదానికి కొత్త పలక. మనకు కెమెరా కొన్న రోజు నుంచి అమ్మేదాకా ఒకే పలక.

తర్వాత

పది సెకన్లలో ఆరిపోతుంది. మళ్లీ ఎఫ్/16 ఫోటో తీయండి. ఒకటి రెండు చుక్కలు స్థలం మారి కనిపిస్తే బ్లోయర్‌తో ఊదండి. అక్కడే ఉంటే కొత్త స్వాబ్‌తో ఇంకో విడత. మూడు విడతల తర్వాత కూడా కదలకపోతే ఆపేసి కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి, అది మీ చేతి పని కాదు. మూలన ఎక్కడో ఎఫ్/22 దగ్గర మాత్రమే కనబడే చుక్క కోసం మూలలు గోకకండి. అక్కడున్న జిడ్డు మధ్యకు వస్తుంది.

చివరగా బాడీ క్యాప్ లోపలి వైపు, లెన్స్ వెనక భాగం, దాని వెనక మూత. ఇవన్నీ ఊదకుండా బిగించారంటే, గంట కష్టపడి తీసిన దుమ్మును మళ్లీ మీ చేత్తోనే లోపల పెట్టినట్టు. క్యాప్‌ను చొక్కా జేబులో వేసుకునే అలవాటుంటే ఇవాళే మానేయండి. జేబులో దూదిపొడి ఎంత ఉంటుందో తిరగేసి చూస్తే తెలుస్తుంది.